పాటకూ పాటకూ నడుమ

ఒకే ఇంట్లో ఉండి అందరూ ఒకే పాట వినడం ఈమధ్య అరుదైపోయింది. అబ్బాయి చెవిలో ఒకటి, అమ్మాయి చెవిలో ఇంకొకటి, హాల్లో టీవీ పాడేది మరొకటి, వంటింట్లో ఫోను గట్టు మీద పెట్టుకుని మనం వినేది వేరొకటి. ఎవరికి నచ్చింది వాళ్లకు అందుతోంది. ఒకరి పాటను ఇంకొకరు ఓర్చుకోవలసిన పనే లేదు. ఈ సదుపాయాన్ని నేను తప్పుపట్టను. పొద్దున నడకకు వెళ్తూ నేనూ నా పాటలే వింటాను. కాని ఇంట్లో వేడుక వచ్చి, నాలుగు తరాల మనుషులు ఒకే డాబా మీద చేరినప్పుడు ఎవరో ఒకరు అందరికీ కలిపి ఒక పాట వెయ్యాలి. ఆ పాట ఏది? దాని తర్వాత ఏది? మా అమ్మానాన్నల యాభయ్యో పెళ్లిరోజున ఆ పని నా చేతికి వచ్చింది. అప్పట్నుంచీ ఈ రెండు ప్రశ్నలూ నన్ను వదల్లేదు.

వాళ్ల పెళ్లి 1975 వైశాఖంలో జరిగింది. అదే నెలలో, గుంటూరు బ్రాడీపేటలోని మా పుట్టింటి డాబా మీదే చేద్దామనుకున్నాం. మే నెలలో మిర్చి యార్డుకు సెలవులిస్తారు కాబట్టి కమిషన్ వ్యాపారం చేసే మా బాబాయిలకు కూడా తీరిక. "డీజేని మాట్లాడదాం అక్కా, నాకు తెలిసినవాళ్లున్నారు" అన్నాడు తమ్ముడు. నాన్న ఒప్పుకోలేదు. "బయటివాళ్లెందుకురా? మనకేం కావాలో మనకే తెలుసు. మనింట్లోవాళ్లే ఎవరైనా వెయ్యండి" అన్నారు. మా అబ్బాయి ఇంజినీరింగ్ చదివే రోజుల్లో కొనుక్కున్న చిన్న డీజే కంట్రోలర్ ఒకటి ఇంట్లో ఉంది. వాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ దాన్ని నా గదిలో పెట్టిపోయాడు. "నువ్వే వెయ్యమ్మా, ఎట్టా వెయ్యాలో నేను ఫోన్లో చెప్తాగా" అన్నాడు. చిన్నప్పట్నుంచీ పాటలంటే ప్రాణం పెట్టినదాన్ని, సరేనన్నాను.

బ్రాడీపేట తెలిసినవాళ్లకు అక్కడ డాబా మీద పాటలు వెయ్యడమంటే ఏమిటో వెంటనే అర్థమవుతుంది. ఇటు లైన్లు, అటు అడ్డరోడ్లు. లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెబితే చాలు, ఆటోవాళ్లు గుమ్మం ముందు దింపుతారు. ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. డాబా మీద గట్టిగా నవ్వితే వెనక అడ్డరోడ్డుకు వినపడుతుంది. నాలుగడుగులు వేస్తే ఒక నర్సింగ్‌హోము, ఒక ల్యాబు, పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టలు. అలాంటి చోట సంతోషం మనదే అయినా చప్పుడు అందరిదీ అవుతుంది.

2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఈ అంకెలు చదివాక పాటల వేడుక మానుకోవాలని నాకు అనిపించలేదు. చప్పుడుకూ పాటకూ తేడా తెలుసుకుని వెయ్యాలనిపించింది.

ఆ తేడా చూపించింది మాకు బాక్సులు అద్దెకిచ్చిన సౌండ్ సర్వీసు ఆయన. పెళ్లిళ్లకు హారన్లు కట్టే కాలం నుంచీ ఆ పనిలో ఉన్న మనిషి. డాబా అంతా తిరిగి చూసి, "రెండు పెద్ద బాక్సులు ఆ మూల పెడితే ఈ మూలకు వినపడాలని మీరు సౌండు పెంచుతారు. ముందు కూర్చున్నవాళ్ల చెవులు పోతాయి. నాలుగు చిన్నవి తీసుకోండమ్మా, ఆడేవాళ్ల చుట్టూ దగ్గరగా పెట్టుకోండి" అన్నారు. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం దాదాపు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. బాక్సుకు రెండు మీటర్లలో ఉన్నదాని కంటే నాలుగు మీటర్లలో ఆరు తక్కువ, ఎనిమిదిలో పన్నెండు తక్కువ. కాబట్టి మనిషికి బాక్సు దగ్గరైన కొద్దీ చిన్న సౌండే సరిపోతుంది, పక్కింటికి చేరేసరికి అది సన్నబడిపోతుంది. బేస్ బాక్సు నేల మీదుగా శ్లాబులోకి దిగి కింద గదుల్ని అదరగొడుతుందని, దాని కింద మందపాటి రబ్బరు పట్టాలు వేశారు. పెద్దవాళ్ల కుర్చీలు బాక్సుల వెనక వైపు, నీళ్ల ట్యాంకు నీడన వేయించారు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు తట్టుకునే చెవి, ప్రతి మూడు డెసిబెల్స్‌కూ సగం కాలమే తట్టుకుంటుందని వినికిడి నిపుణుల లెక్క. అంటే 100 దగ్గరికొచ్చేసరికి పావుగంట. ఆ వేడుకలో డెబ్బై దాటినవాళ్లూ ఉన్నారు, చంటిపిల్లలూ ఉన్నారు. ఈ జాగ్రత్త లేకుండా మొదటి పాట వెయ్యడం నాకు చేతనయ్యేది కాదు.

ఇక పాటలు. మిషను ముట్టుకోవడానికి ముందు ఒక నోటుపుస్తకం కొన్నాను. వేడుకకు వచ్చే పెద్దవాళ్లందరినీ ఒక్కొక్కరినీ కలిసి, కలవలేనివాళ్లకు ఫోను చేసి, ఒక్కటే అడిగాను: "మీకు ఏ పాట కావాలి?" అడిగి చూడండి, మనకు బాగా తెలుసనుకున్న మనుషులు కొత్తగా కనిపిస్తారు. జీవితమంతా లెక్కల పుస్తకాలతో గడిపిన మామయ్య ఎన్ని భక్తి పాటలు చెబుతాడోననుకుంటే, 1991 నాటి గ్యాంగ్ లీడర్‌లో బప్పీ లహరి కట్టిన డాన్సు పాట చెప్పాడు. అత్తయ్య ఎస్. జానకి పాటలు తప్ప వేరేవి వద్దంది. జానకిగారు మా రేపల్లె తాలూకా మనిషి అని చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో పుట్టింటి అభిమానం వినపడింది. అమ్మ ప్రేమనగర్ పాటలన్నీ రాయించి, వాటిలో ఏదైనా ఒకటి చాలులెమ్మంది. పెద్ద బాబాయి చెప్పింది 1955లో వచ్చిన రోజులు మారాయి సినిమాలోని ఏరువాక పాట. జిక్కి పాడగా వహీదా రెహమాన్ తెర మీద చిందేసిన పాట. దాన్ని రాసిన కొసరాజు రాఘవయ్య చౌదరిగారిది బాపట్ల పక్కన అప్పికట్ల. మద్రాసు రైలెక్కితే ఆ స్టేషను మీదుగానే పోతాం.

ఆ జాబితా రాసుకుంటుంటే నాన్న బీరువాలోంచి ఒక పాత క్యాసెట్టు తీసి చూపించారు. టేపురికార్డర్లు వచ్చిన కొత్తలో ఊరూరా రికార్డింగ్ షాపులుండేవి. కాగితం మీద పాటలు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి వస్తే రెండు మూడు రోజులకు ఎక్కించి ఇచ్చేవాళ్లు. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక్కో వైపు ముప్ఫై నిమిషాలే కాబట్టి ఆరో ఏడో పాటలు పట్టేవి. ఏది ముందు, ఏది తర్వాత, ఏ పాటతో మొదటి వైపు ముగియాలి అని గంటల తరబడి ఆలోచించి రాసేవాళ్లు. నాన్న చూపించిన క్యాసెట్టు అట్ట మీద నీలం ఇంకుతో వరస నంబర్లున్నాయి. మూడో నంబరు కొట్టేసి, పక్కన అమ్మ చేతిరాతతో వేరే పాట రాసి ఉంది. మూడోది మారినందుకు నాలుగోది కూడా మార్చారు. ఇద్దరు మనుషులు కూర్చుని, నీకిది నాకది అని సర్దుకున్న గుర్తు అది. పాటల వరస కూర్చడం మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉంది. చేతిలోని సాధనాలే మారుతూ వచ్చాయి.

రేడియో కాలం ఇంకా వెనకది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపిస్తుంటే అరుగుల మీద జనం మూగేవాళ్లని మా అమ్మావాళ్లు చెబుతారు. తర్వాత వివిధ భారతిలో జనరంజని. పాట కోరినవాళ్ల పేర్లూ ఊళ్లూ చదువుతుంటే, వాళ్లెవరో తెలియకపోయినా చివరిదాకా వినేవాళ్లం. మనం కోరిన పాట ఈ రోజు వస్తుందో రాదో తెలియదు. దానికోసం కాచుకుంటూ ఎక్కడో ఏ ఊళ్లోనో ఎవరో కోరిన పాటలన్నీ వినేవాళ్లం. నాకిప్పుడు నోటికి వచ్చే పాటల్లో సగం నేను కోరుకున్నవి కావు, ఇతరుల వంతులో విన్నవి. ఎవరి పాట వాళ్ల చెవిలోకే వచ్చే ఈ రోజుల్లో, ఆ వంతు కోసం కూర్చునే అలవాటే మనకు తప్పిపోయింది.

నోటుపుస్తకం నిండాక మిషను దగ్గర కూర్చున్నాను. చూడటానికి చిన్న పెట్టె. రెండు వైపులా తిప్పడానికి రెండు గుండ్రటి చక్రాలు, నడుమ ఫేడర్లు. ఒక పక్క ఇప్పుడు నడుస్తున్న పాట, రెండో పక్క రాబోయే పాట. హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోవాలి. అందులో రాబోయే పాట వినిపిస్తుంది, అది ఇంకెవరికీ వినపడదు. రెండో చెవి బయట నడుస్తున్న పాటకు వదిలెయ్యాలి. రెండింటి నడకా కలిసిందనిపించాక ఫేడర్ మెల్లగా జరిపితే కొత్త పాట లోపలికొస్తుంది, పాతది తప్పుకుంటుంది. ఒక చెవిలో ఇప్పటిది, ఇంకో చెవిలో కాసేపటికి రాబోయేది. ఈ రెండింటినీ ఒకేసారి వినడం అలవడేదాకా చెయ్యి కదలదు.

అసలు కష్టం పాత పాటలతో వచ్చింది. ఈ కాలపు పాటలు కంప్యూటరు లయ మీద కడతారు కాబట్టి మొదటి నుంచి చివరిదాకా నిమిషానికి ఇన్ని దెబ్బలని లెక్క కుదురుతుంది. పాత పాటలు అలా కావు. ఢోలక్, తబలా, వయొలిన్లు, పాడేవాళ్లు అందరూ ఒకే హాల్లో చేరి ఒకేసారి పాడి వాయించిన రోజులవి. పల్లవిలో ఉన్న నడక చరణంలో కాస్త సాగుతుంది, మళ్లీ పల్లవికి వచ్చేటప్పుడు కాస్త బిగుస్తుంది. తెర మీద సాఫ్ట్‌వేర్ గీసే గీతలు ఆ పాటలకు ఒకచోట కుదిరితే ఇంకోచోట తప్పుతాయి. 75 అని చూపించాల్సిన లయకు 150 అని చూపిస్తుంది. "స్క్రీను చూడకమ్మా, చెవి పెట్టు" అనేవాడు మా అబ్బాయి ఫోన్లో. చక్రాన్ని వేలితో ఇసుమంత ముందుకు తోస్తే పాట ఇసుమంత ముందుకు నడుస్తుంది, వెనక్కి లాగితే ఆగి అడుగేస్తుంది. ఘంటసాల గొంతు పక్కన వేలు పెట్టి కూర్చుంటే, ఒక మనిషి ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో, ఏ మాట మీద ఒక క్షణం నిలిచాడో తెలిసింది. ఆ పాటలు చిన్నప్పట్నుంచీ విన్నవే. ఇంత దగ్గరగా వినడం మాత్రం అదే మొదలు.

ఇంకో సంగతి కూడా ఆ పెట్టె దగ్గరే తెలిసింది. పాటల్ని ఏళ్ల ప్రకారం కాక నడక ప్రకారం పక్కపక్కన పెట్టాలి. నాలుగు నాలుగుగా నడిచే చతురశ్రం ఒక దారి, మూడు మూడుగా తూగే తిశ్రం ఇంకో దారి. మన కోలాటాల్లో, జాతర పాటల్లో, ఊరేగింపు దరువుల్లో ఆ తిశ్రపు తూగు చాలా ఉంది. 2023లో ఆస్కార్ అందుకున్న నాటు నాటు పాటను కీరవాణిగారు కట్టింది కూడా ఆ తూగులోనే. పాశ్చాత్యులు 6/8 అని రాసుకునే ఆ లయ తమ దగ్గర కంటే మన నేల మీదే ఎక్కువ వినిపిస్తుందని వాళ్లకు చెప్పారాయన. డెబ్బై ఏళ్ల నాటి పాటకూ నిన్నటి పాటకూ నడుమ ఏళ్లు ఎన్నున్నా, అడుగు ఒకటే అయితే అవి పక్కపక్కన నిలబడగలవు. నా నోటుపుస్తకంలోని పేర్లన్నిటినీ ఆ రోజు మళ్లీ కొత్త వరసలో రాసుకున్నాను.

పాటకు పాట కలిపే ఈ విద్యకు పుట్టిల్లు న్యూయార్కు అంటారు. అక్కడి బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంటు కింది హాల్లో, 1973 ఆగస్టు 11న ఒక పార్టీ జరిగింది. హిప్‌హాప్ సంగీతం అక్కడే పుట్టిందని చెప్పుకుంటారు. ఆ పార్టీ పెట్టింది సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి. బడి తెరిచే వేళకు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావాలని, ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు టికెట్ పెట్టింది. పాటలు వేసింది ఆమె అన్న క్లైవ్, అప్పటికి పద్దెనిమిదేళ్లవాడు. జమైకా నుంచి వచ్చిన కుటుంబం. వాడిన సౌండు సిస్టం వాళ్ల నాన్నది. కూల్ హెర్క్ అని లోకమంతా పిలిచే ఆ కుర్రాడు జనం కాళ్లను గమనించాడు. పాటలో గొంతు ఆగి దరువు ఒక్కటే మిగిలే చోట వాళ్లు ఎక్కువ హుషారుగా ఆడుతున్నారు. ఆ దరువు కొన్ని క్షణాలే ఉంటుంది. అదే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదాని దరువు అయిపోగానే రెండోదానిది ఎత్తుకుంటూ దాన్ని సాగదీశాడు. ప్రపంచాన్ని మార్చిన సంగీతం అన్నాచెల్లెళ్ల పార్టీలో, నాన్న బాక్సుల మీద పుట్టిందని చదివినప్పుడు నాకెంతో ధైర్యం వచ్చింది. ఇంటివాళ్ల కోసం పాట వెయ్యడం చిన్న పని కాదని అర్థమైంది.

హెర్క్‌కు ఉన్న ఆ గమనింపును మనకు నేర్పింది మేళం. అమ్మానాన్నల పెళ్లికి చిలకలూరిపేట నుంచి మేళం వచ్చిందట. నాదస్వరానికి ఈ నేల పెట్టింది పేరు. ముస్లిం కుటుంబాల్లో పుట్టి, గుళ్లలో ఉత్సవాలకూ హిందువుల పెళ్లిళ్లకూ తరతరాలుగా వాయించిన విద్వాంసుల నేల ఇది. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్న షేక్ చినమౌలానా ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగం చేరి, 1998లో సంగీత కళానిధి అయ్యారు. పెళ్లిలో మేళం వాళ్లను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? చేతులు వాయిస్తుంటాయి, చూపు మాత్రం పీటల మీదే. పురోహితుడు చెయ్యెత్తిన మరుక్షణం, వాయిస్తున్న కీర్తన ఎక్కడుంటే అక్కడే వదిలి గట్టిమేళం అందుకుంటారు. తలంబ్రాలు మొదలైతే దరువు మారుస్తారు. పెళ్లికూతురు అప్పగింతల వేళ సన్నాయి ఎంత మెత్తబడాలో వాళ్లకు ఎవరూ చెప్పరు. ప్రధాన విద్వాంసుడు ఊపిరి కోసం ఆగినా శ్రుతి ఆగదు. ఒక కీర్తన ముగిసి రెండోది మొదలయ్యేదాకా ఆ ఒక్క స్వరం పందిరిని పట్టి ఉంచుతుంది. పాటకూ పాటకూ నడుమ ఖాళీ రాకూడదనే జాగ్రత్త మన పెళ్లిళ్లలో అలా ఎప్పట్నుంచో ఉంది. అందుకే ఆ సాయంత్రం చుట్టాలు మెట్లెక్కి వస్తున్నంతసేపూ చినమౌలానాగారి నాదస్వరమే వేశాను. అమ్మ వింటూ, "ఆ రోజు కూడా ఇట్టాగే మోగింది" అంది.

పాటల వరస విస్తట్లో వడ్డన లాంటిది. ఏది ముందు రావాలో, ఏది పెరుగు వేళకు ఉంచాలో ఒక మర్యాద ఉంది. మొదట కూర్చుని వినేవి, తర్వాత చప్పట్లు కొట్టించేవి, ఆ తర్వాత లేపి నిలబెట్టేవి. అత్తయ్య కోసం జానకి పాట వేస్తే ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. కళ్లు మూసుకుని పెదవులు కదిపింది. అదీ ఆట కిందే లెక్క. మామయ్య పాట రాగానే పిల్లలు ఆయన్ని చుట్టుముట్టారు. లెక్కల మామయ్య భుజాలు కదపడం వాళ్లెప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రం నా మనసులో నిలిచిపోయినది మాత్రం పెద్దమ్మ కోలాటం. అమ్మకు అక్క, ఎనభై దాటిన మనిషి. నరసరావుపేట దగ్గర వాళ్ల ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో ఒకప్పుడు కోలాటం వేయించేదట. ఆవిడ నోటుపుస్తకంలో రాయించింది సినిమా పాట కాదు, కోలాటం పాట. అది మొదలవగానే కొంగు బిగించి లేచింది. కోలలు తేలేదు కాబట్టి అరచేతులతోనే దరువు వేసింది. ఆడపిల్లలు నలుగురు వెనక చేరి ఆవిడ అడుగు చూసి అడుగు వేశారు. పాట ముగింపుకు వస్తోంది. సాధారణంగా ఇక్కడ ఏం జరుగుతుందో మనకు తెలుసు. పెద్దావిడ పాట అయిపోతుంది, అందరూ చప్పట్లు కొడతారు, ఆవిడ వెళ్లి కుర్చీలో కూర్చుంటుంది, పిల్లల పాట మొదలవుతుంది. పెద్దవాళ్ల వంతు తీరిపోయిందని అందరికీ అర్థమవుతుంది.

నా చెవిలో అప్పటికే నాటు నాటు నడుస్తోంది. దాని వేగాన్ని కోలాటానికి దగ్గరగా తగ్గించి ఉంచాను. కోలాటం చివరి దరువును లూపులో పెట్టాను, అది తిరిగి తిరిగి మోగుతోంది. రెండు పాటల బేసూ ఒకేసారి వినిపిస్తే బురదలా కలిసిపోతుంది కాబట్టి కొత్తదాని బేస్ మీట పూర్తిగా తగ్గించి, ముందు పైదరువు ఒక్కటే లోపలికి వదిలాను. తర్వాత పాతదాని బేస్ తగ్గిస్తూ కొత్తదానిది పెంచాను. ఆ కాసేపు డాబా మీద రెండు పాటలూ ఉన్నాయి. పిల్లలకు తమ పాట వస్తోందని తెలిసిపోయింది, కాళ్లు మారాయి. పెద్దమ్మ అడుగు మారలేదు. మారనక్కర్లేదు, తూగు ఒకటే. ఆవిడ కోలాటం అడుగే వేస్తోంది, పిల్లలు తమ చిందు వేస్తున్నారు, అరచేతులు మాత్రం ఒకే చోట కలుస్తున్నాయి. కొత్త పాట పూర్తిగా వచ్చేసిన తర్వాత కూడా ఆవిడ వెళ్లి కూర్చోలేదు. తన వంతు అయిపోయిందని ఆవిడకు చెప్పేలా పాట ఎక్కడా తెగలేదు మరి.

అప్పుడు నాకు డీజే పని తెలిసింది. అందరికీ నచ్చే పాట అని ఒకటి ఉండదు. ఉందని వెతికితే చివరికి ఎవరికీ గట్టిగా నచ్చని పాట దొరుకుతుంది. ఎవరి పాట వాళ్లదిగానే ఉండనిచ్చి, ఒకరి పాట ఇంకొకరి పాటను ఆనుకునే చోటును కాస్త వెడల్పు చెయ్యాలి. ఆ చోటులోనే మనవరాలూ అమ్మమ్మా ఒకే నేల మీద నిలబడతారు. కుటుంబం కూడా అట్టాగే నిలుస్తుందని నా నమ్మకం. మన ఇళ్లలో అభిరుచులు ఏనాడూ ఒకటి కావు. ఒకరి వంతు పూర్తిగా ముగియకముందే ఇంకొకరికి చోటివ్వడం, తన వంతు వచ్చేదాకా పక్కవాళ్లదాన్ని మనసు పెట్టి వినడం తెలిసిన ఇళ్లు నిలబడ్డాయి.

పాటల్ని ఇలా కలపడానికి పెద్ద బాబాయి పూర్తిగా ఒప్పుకోలేదు. "ఏందమ్మా, పాటని నడుమలో కోస్తే ఎట్టా? రెండో చరణం కోసమే కదా ఆ పాట వినేది" అన్నారు. ఆయన మాటలో న్యాయముంది. సాహిత్యం నిండుగా ఉన్న పాటను దరువు కోసం తుంచడం ఆ పాటకూ, రాసినవాళ్లకూ అన్యాయమే. అందుకే భోజనాల వేళ ఒక్క పాటనూ కలపలేదు, కొయ్యలేదు. ఏరువాక పాట మొదటి నుంచి చివరిదాకా మోగింది. కాళ్ల కోసం వేసే పాటలకు ఒక పద్ధతి, చెవుల కోసం వేసే పాటలకు ఇంకో పద్ధతి. రెండూ ఒకే సాయంత్రంలో ఇముడుతాయి.

ఆ ఏరువాక పాటకు ముందు మా మరదలి కొడుకు, పదిహేనేళ్లవాడు, తమన్ పాట కావాలని వచ్చాడు. "వస్తుందిరా, తాతయ్య పాట తర్వాత నీదే" అన్నాను. వాడు వెళ్లలేదు, నా పక్కనే నిలబడ్డాడు. వంతు కోసం కాచుకుంటూ 1955 నాటి పాట మొత్తం విన్నాడు. మధ్యలో, "అత్తా, ఇది ఎవరు రాశారు?" అన్నాడు. కొసరాజుగారని, ఆయనది అప్పికట్ల అని చెప్తే ఆశ్చర్యపోయాడు. తన పాట కోసం వచ్చినవాడికి తాతయ్య పాట దొరికింది.

ఇంత చెప్పాక, మన రోడ్ల మీద డీజే పేరుతో జరుగుతున్నదాన్ని గురించి కూడా చెప్పాలి. లారీ మీద మనిషికి రెండింతల ఎత్తున బాక్సులు పేర్చి, కిటికీ అద్దాలు అదిరేలా మోగిస్తూ ఊరేగింపులు సాగుతున్నాయి. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. నిషేధం దాకా రావడం బాధాకరమే. ఆ బాక్సుల ముందు ఎవరికీ వంతు ఉండదు. అడిగే గొంతు వినపడదు, వద్దనే గొంతూ వినపడదు. గుండె జబ్బుతో మంచం మీదున్న మనిషికి ఆ వీధిలో చోటే లేదు. పాట వేసేవాడు జనాన్ని చూడటం మానేసి బాక్సుల్ని చూసుకోవడం మొదలుపెట్టిన చోట ఈ విద్య పాడైంది. హెర్క్ కాళ్లను చూశాడు. మేళం వాళ్లు పీటల్ని చూశారు. ఆ చూపు ఉంటే చిన్న బాక్సైనా చాలు.

పదికి చాలా ముందే ఆపేశాం. మర్నాడు కింద ఇంటావిడ కూరల బండి దగ్గర కనిపించి, "ప్రేమనగర్ పాట ఇంకోసారి వెయ్యాల్సిందమ్మా" అంది. ఆవిడ పేరు కూడా పుస్తకంలో రాసుకున్నాను.

మీ ఇంట్లో వేడుక వచ్చినప్పుడు ఈ పని బయటివాళ్లకు అప్పగించే ముందు ఒకసారి ఆలోచించండి. మంచి డీజేలు ఎందరో ఉన్నారు, వాళ్ల చెయ్యి తిరిగినతనం మనకు రాదు. కాని మీ పెద్దమ్మ కోలాటం వేయించిందని వాళ్లకు తెలియదు. ఒకవేళ వాళ్లనే పిలిచినా, పాటల జాబితా మాత్రం ఇంట్లోవాళ్లనందరినీ అడిగి మీరే రాసివ్వండి. చిన్న బాక్సులు తీసుకోండి, ఆడేవాళ్లకు దగ్గరగా పెట్టండి, పక్క నర్సింగ్‌హోములో పడుకున్నవాళ్లను కూడా మీ చుట్టాల్లో కలుపుకోండి. భోజనాల వేళ పాటలు పూర్తిగా మోగనివ్వండి.

కార్తీకంలో మా తమ్ముడి కూతురి ఓణీల వేడుక ఉంది. ఈసారి పాటలు తనే వేస్తానంటోంది ఆ పిల్ల. మిషను నేర్పమని నా వెంట పడుతోంది. మిషనుదేముందే, సెలవుల్లో నేర్చుకుందువు గాని అని, ముందు ఒక కొత్త నోటుపుస్తకం కొనిచ్చి చుట్టాల ఇళ్లకు పంపాను. మొదటి పేజీలో పెద్దమ్మ పేరు తనే రాసుకుంది.